బతికున్న మాటకు కత్తి గుర్తు

లండన్,
14 జనవరి 1962

అమ్మమ్మా,

నువ్వు పంపే చీటీలు చూసి ఇక్కడ నిన్ను అందరూ 'ఊదారంగు సిరా' అంటారు. నీ పేరు ఎవరి నోటా వినలేదు. నిఘంటు కార్యాలయంలో చేరిన మొదటి నాలుగు నెలలూ నాకు ప్రూఫులు దిద్దే పనే ఇచ్చారు. మొన్న సోమవారం ప్రధాన సంపాదకులు పెన్‌రైస్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఇక మీకు ఒక మాట ఇవ్వొచ్చనుకుంటాను" అన్నారు. కొత్తకోడలికి అత్తగారు తాళాలగుత్తి అప్పగించినట్టే ఇచ్చారు.

ఆ మాట 'మైండ్'. క్రియాపదం. పదకొండు పెట్టెల చీటీలు. ఒక్కో చీటీ మీద ఆ మాటను ఎవరో ఎక్కడో వాడిన వాక్యం ఒకటి. మొదటి పెట్టె తెరిచినప్పుడు ఇంత చిన్న మాటకు ఇన్ని పెట్టెలా అని నవ్వొచ్చింది. పదకొండోది మూసేసరికి ఆ నవ్వు పోయింది. తల తగులుతుంది జాగ్రత్త అనడానికి ఇదే మాట. పసిపిల్లను చూసుకోవడానికీ, దుకాణం కనిపెట్టి ఉండడానికీ, పెద్దల మాట వినమనడానికీ ఇదే. మీకేమైనా అభ్యంతరమా అని అడగడానికి ఇదే, పోనీలెద్దూ అనడానికీ ఇదే. ఇరవైమూడు అర్థాలుగా విడదీసి, ఒక్కోదాని కింద పాతవాటి నుంచి కొత్తవాటి దాకా చీటీలు పేర్చాను.

పదిహేడో అర్థం దగ్గర ఆగిపోయాను. జ్ఞాపకం ఉండడం. మనం 'గుర్తుంది' అనే చోటల్లా నీ పక్కింటి జెనెట్ 'మైండుంది' అంటుంది కదా? "నువ్వు వాగులో చెప్పు పోగొట్టుకున్నది నాకు మైండుంది పిల్లా" అని వేసవి సెలవులకు వచ్చినప్పుడల్లా ఏడిపించేది. ఆ అర్థానికి చివరి చీటీ 1887 నాటిది, ఎవరో పాదిరి ఉపన్యాసం. ఆ తర్వాత ఒక్క చీటీ కూడా లేదు. పెన్‌రైస్ గారు కొత్తగా ఒక నియమం పెట్టారు. డెబ్భై ఏళ్ళుగా అచ్చులో కనబడని అర్థం పక్కన చిన్న కత్తి బొమ్మ వేయాలి. ఇది చచ్చిపోయింది అని దాని అర్థం.

జెనెట్ అంటుంది కదా అని నేను చెప్పాను. "అనేది లెక్కలోకి రాదు, అచ్చయిందే రావాలి" అన్నారు. మార్చి 31కి నా చిత్తుప్రతి ఇవ్వాలి. నన్ను ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ ప్రతిని చూసి తేలుస్తారు. ఈ మాట అచ్చులో నీకెక్కడైనా తగిలిందా?

నీ రోజమండ్

•

థార్న్‌గిల్, యార్క్‌షైర్,
18 జనవరి 1962

చిరంజీవి రోజమండ్‌కు,

నీ ఉత్తరం అందింది. నాలుగు నెలలు నీకు ప్రూఫులు మాత్రమే ఇచ్చిన పెద్దమనిషిని నేను మెచ్చుకుంటున్నాను. నేను బడి నడిపినప్పుడు కొత్త పంతులమ్మలకు మొదటి ఏడాది సుద్దముక్కల పెట్టె తప్ప ఏమీ అప్పగించేదాన్ని కాదు.

నీకిచ్చిన మాట గురించి ఒక సంగతి చెప్పనీ. ఇంగ్లీషులో పొడుగు మాటలన్నీ అలంకారానికి ఇంట్లో పెట్టుకున్న పింగాణీ. పండక్కి దించి తుడుస్తాం, మళ్ళీ ఎక్కిస్తాం. 'మైండ్' లాంటిది రోజూ పొయ్యి మీదికెక్కే గిన్నె. అంట్లు తోమి తోమి దాని మీద పేరు కూడా అరిగిపోయింది. అయినా అది లేకపోతే ఇంట్లో ఎవరికీ అన్నం లేదు. ఒక్కరోజు నేను లెక్కపెట్టాను. పొద్దున కసాయి దుకాణంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి మధ్యాహ్నం టీ దాకా ఈ మాట ముప్ఫైనాలుగు సార్లు వినబడింది. అందులో జెనెట్‌వి పంతొమ్మిది.

ఇక సిగ్గుపడవలసిన సంగతి. నలభై ఒక్క ఏళ్ళుగా మీ కార్యాలయానికి చీటీలు పంపుతున్నాను. తొమ్మిదివేలు దాటి ఉంటాయి. అన్నీ అరుదైన మాటలకే. పాత ప్రయాణ పుస్తకంలో విచిత్రమైన మాట కనబడితే ఎగిరి గంతేసి రాసేదాన్ని. 'మైండ్' అని ఒక్కటీ పంపలేదు. వంటలో ఉప్పు సరిపోయిందని ఎవరు రాసుకుంటారు? చీటీలు పంపేవాళ్ళందరం ఇదే పొరపాటు చేశాం. నెమళ్ళను లెక్కపెట్టి పంపాం, మీరేమో కోళ్ళన్నీ చచ్చాయని తేల్చారు.

జెనెట్ పాలు పోయడానికి వచ్చినప్పుడు చెప్పాను.

"జెనెట్, నీ మాట ఒకటి చచ్చిపోయిందట. లండన్‌లో తేల్చారు."

"ఏ మాట?"

"'మైండుంది' అంటావే, అది."

"ఎప్పుడు చచ్చింది?"

"డెబ్భై అయిదేళ్ళయిందట."

పాలచెంబు కింద పెట్టి వేళ్ళ మీద లెక్కేసింది. "నాకు డెబ్భై నాలుగే కదా పంతులమ్మా. అంటే మా అమ్మ నాకు శవాన్ని నేర్పిందంటావా? మరి ఇన్నేళ్ళూ వాసన రాలేదే!"

మీ పెన్‌రైస్ గారికి ఈ మాట యథాతథంగా చెప్పు. నేను వెతుకుతాను. దొరక్కపోవడం ఏమిటి?

దీవెనలతో,
డొరొతియా అమ్మమ్మ

•

లండన్,
30 జనవరి 1962

అమ్మమ్మా,

జెనెట్ మాట చెప్పాను. పెన్‌రైస్ గారు నవ్వలేదు, కానీ ఆ రోజు రెండు సార్లు నా బల్ల పక్కనుంచి కారణం లేకుండా నడిచి వెళ్ళారు. ఆయనకు అది నవ్వడంతో సమానం అని ఇక్కడివాళ్ళు చెప్పారు.

పోయిన వారం నువ్వు వెతికి పంపిన మూడు ఆధారాలూ పనికిరావు, ఏమీ అనుకోకు. యాస మాటల పట్టికలో ఉన్నది చెల్లదు. ఆ పుస్తకం మాటను వాడలేదు, మాట గురించి చెప్పింది. చర్చి పద్దుల పుస్తకం చేతిరాత. సమాధి రాయి మీద చెక్కినది అచ్చు కాదు. ఎవరో ఒకరు తన పనిలో తానుండి, మాట గురించి ఆలోచించకుండా వాడి, అది తేదీతో అచ్చయి ఉండాలి.

నీ చీటీల గురించి ఆయన ఒక మాటన్నారు. "ఊదారంగు సిరా చీటీ వస్తే మేం పుస్తకం తెరిచి సరిచూడం. అవసరం రాలేదు" అని. ఈ భవనంలో అంతకంటే పెద్ద బిరుదు లేదు. విని నా చెవులు వేడెక్కాయి.

మార్చి దగ్గరపడుతోంది. ఆ ప్రతి ఎలా ఉంటే నా బతుకు అలా ఉంటుంది.

రోజమండ్

•

థార్న్‌గిల్,
9 ఫిబ్రవరి 1962

రోజమండ్,

మీ నియమాలు బాగున్నాయి. మనిషి బతికున్నాడని రుజువు కావాలి, కానీ ఊపిరి చూడకూడదు, ఫొటో ఉండాలి.

మా చర్చి వేసే పారిష్ పత్రికలు పన్నెండేళ్ళవి తిరగేశాను. మా పాదిరిది దక్షిణాది కెంట్, మా యాస కాదు. ఈ లోయవాళ్ళు ఏం రాసిచ్చినా ఇస్త్రీ చేసి అచ్చువేస్తాడు. తర్వాత 'ఫెల్‌సైడ్ మెసెంజర్' ఆఫీసుకు బస్సులో వెళ్ళి పాత సంచికలు చూశాను. వారపత్రిక, గురువారం గురువారం వస్తుంది. గొర్రెల వేలం, గుర్రపుబండి అమ్మకం, ఎవరి కోడిపుంజుకు బహుమతి వచ్చింది, అన్నీ చదివాను. కళ్ళు మండాయి. పాఠకుల ఉత్తరాల్లో 'గుర్తుంది' అనే ఉంది ప్రతిచోటా. అక్కడ ముప్ఫై ఏళ్ళుగా పని చేస్తున్న గుమస్తాను అడిగాను.

"ఈ లోయలో ఎవరూ 'మైండుంది' అని రాయరా?"

"రాస్తారండీ. అందరూ అదే రాస్తారు. మేం దిద్దుతాం."

"ఎందుకు దిద్దుతావయ్యా?"

వాడు నా మొహం వంక చూసి మెల్లిగా అన్నాడు: "మా చెల్లెలు మీ బళ్ళోనే చదివిందండీ. అది ఇంటికొచ్చి మా అందరికీ నేర్పింది, అది నాటుమాట, రాస్తే మార్కులు పోతాయని."

బస్సులో తిరిగి వస్తూ ఆలోచించాను. ముప్ఫైరెండేళ్ళు ఈ లోయ ఆడపిల్లల నోట్‌బుక్కుల్లో ఆ మాట కనబడిన చోటల్లా ఎర్రసిరాతో కొట్టేశాను. పైన 'గుర్తుంది' అని రాశాను. జెనెట్ కూతుళ్ళిద్దరి చేతా వందేసి సార్లు రాయించాను. మీ కార్యాలయానికి ఊదా సిరాతో ప్రాణం పోస్తూ, ఇక్కడ ఎర్రసిరాతో ప్రాణం తీశాను. మీరు కత్తి గుర్తు వేయనక్కర్లేదు తల్లీ, కత్తి ఎవరిదో నాకు తెలుసు.

నా పాపానికి నీ ఉద్యోగం పోవడం మాత్రం నేను చూడను. ఏదో ఒకటి చేస్తాను.

అమ్మమ్మ

•

థార్న్‌గిల్,
23 ఫిబ్రవరి 1962

రోజమండ్,

నిన్నటి 'మెసెంజర్' నుంచి కత్తిరించిన ముక్క జతచేశాను. చీటీ కూడా రాశాను. తేదీ, పుట, వరుస అన్నీ ఉన్నాయి. పాఠకుల ఉత్తరాల్లో జె. ఆల్డర్సన్, థార్న్‌గిల్ అని ఉంటుంది. అవును, మన జెనెట్టే. దిద్దకుండా వేయమని గుమస్తాకు చెప్పాను, అంతే.

లేనిపోని ప్రశ్నలు వేయకుండా పెట్టెలో పెట్టు. ఇక్కడ తుషారం పడుతోంది, మోకాళ్ళు బిగుసుకున్నాయి.

అమ్మమ్మ

•

లండన్,
26 ఫిబ్రవరి 1962

నా బంగారు అమ్మమ్మా!

పెన్‌రైస్ గారు 1947 చలికాలపు మంచు గురించిన ఆ ముక్కను నిలబడే చదివారు. "నలభైఏడు మంచు నాకు బాగా మైండుంది; కిటికీ అంచుదాకా వచ్చింది; ఆ పన్నెండు రోజులూ మా లోయలో ఒక్క పొయ్యీ ఆరలేదు; మనిషి గొప్పతనం ఆపదలోనే కదా తెలిసేది." చదివి, జేబులోంచి తన పెన్సిల్ తీసి, నా ప్రతిలో కత్తి గుర్తును తనే కొట్టేశారు. "డెబ్భై అయిదేళ్ళ తర్వాత లేచి కూర్చున్న అర్థాన్ని చూడటం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి" అన్నారు. ఊదారంగు సిరా కదా, పత్రిక తెప్పించి సరిచూసే మాట కూడా ఎత్తలేదు.

జెనెట్‌కు నా తరఫున ఒక ముద్దు. వద్దంటుంది. అయినా పెట్టు.

రోజమండ్

•

లండన్,
2 మార్చి 1962

అమ్మమ్మా,

ఆ ముక్క నాలుగు రోజులుగా నా సొరుగులో ఉంది. రోజూ తీసి చదువుతున్నాను. ఒకే వాక్యంలో మూడు అర్ధవిరామాలు. జెనెట్ సంతకం తప్ప ఏమీ రాయగా నేను చూడలేదు. మనిషి గొప్పతనం గురించి ఆమె మాట్లాడగా ఎప్పుడూ వినలేదు.

మార్చి ప్రతిని బట్టి నా ఉద్యోగం అన్నానే, ఆ అర్థానికి చీటీ దొరకాలని కాదు. దొరకకపోతే దొరకలేదని నిజాయితీగా రాశానా లేదా అన్నది చూస్తారు అని. నీకు అలా అర్థమవుతుందనుకున్నాను.

ఆ ఉత్తరం నువ్వే రాశావా? తిరుగుటపాలో జవాబివ్వు.

రోజమండ్

•

థార్న్‌గిల్,
5 మార్చి 1962

రోజమండ్,

రాశాను.

ఇప్పుడు నా వాదన విను. అందులో మాట అబద్ధమా? జెనెట్ రోజుకు పంతొమ్మిది సార్లు అనే మాటే. అచ్చయిందా? అయింది. తేదీ ఉందా? ఉంది. పరాయి దేశపు రాజుల సంతకాలు దొంగతనం చేసినవాళ్ళున్నారు, నేను పక్కింటి ముసలిదాని సంతకం చేశాను. పాపమే, కాని చిన్న సైజుది. నువ్వు నోరు విప్పకపోతే అది మనిద్దరి మధ్యే ఉంటుంది అని రాద్దామనుకున్నాను. కాని ఉండేలా లేదు.

మొన్న గురువారం 'మెసెంజర్'లో కిట్ రా అనే పాత పోస్టుమాన్ జవాబు రాశాడు: 'శ్రీమతి ఆల్డర్సన్ గారికి సరిగ్గా గుర్తున్నట్టు లేదు, పన్నెండు రోజులు కాదు, ఇరవై రోజులు' అని. శనివారం పొద్దున జెనెట్ తలుపు కొట్టలేదు, తోసింది.

"నా పేరు మీద మంచు కురిపించావా పంతులమ్మా?"

"కూర్చో జెనెట్."

"కూర్చోను. కిట్ రా వీధిలో ఆపి మరీ అడిగాడు, ఏమ్మా మతిపోయిందా అని. ఏమిటా కిటికీ అంచు? ఎవరి కిటికీ? నీ కిటికీనా? ఆ నెలంతా నువ్వు యార్క్‌లో మీ చెల్లెలింట్లో ఉన్నావు!"

"ఒక మాట కోసం రాయాల్సి వచ్చింది. నీ మాటే. దాన్ని బతికిద్దామని..."

"నా మాట బతకడానికి నా మంచును చంపావా? పొయ్యి ఆరలేదని రాశావట. కిట్ చదివి వినిపించాడు. మా పొయ్యి తొమ్మిది రోజులు ఆరింది. ఆ చలికి పట్టిన దగ్గుతోనే కదా మే నెలలో మా ఆయన పోయింది. అది నీకు తెలియదా?"

తెలుసు రోజమండ్. అంత్యక్రియలకు వెళ్ళినదాన్ని. తెలిసే రాశాను. వాక్యం అందంగా వచ్చిందని ఉంచేశాను. బడిలో ఏ పిల్లయినా అలా రాసి ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని.

రేపు సంతరోజు. ఆఫీసుకు వెళ్ళి సంగతి తేలుస్తానంది. పాలు పోయకుండానే వెళ్ళిపోయింది. ఇక నువ్వేం చేస్తావో నీ ఇష్టం.

అమ్మమ్మ

•

లండన్,
9 మార్చి 1962

అమ్మమ్మా,

బుధవారం పొద్దున్నే పెన్‌రైస్ గారి గదికి వెళ్ళి, ఆ చీటీ నేనే వెనక్కి అడిగాను. ఎందుకో చెప్పాను. ఎవరు రాశారో చెప్పాను. నీ ఉత్తరం మాత్రం చూపించలేదు.

ఆయన నా ప్రతి తెప్పించుకున్నారు. తర్వాత కత్తి గుర్తును మళ్ళీ వేశారు, అదే పెన్సిల్‌తో. పోతుంటే పిలిచి అన్నారు: "మిస్ ఆస్క్‌విత్, ఒక్క చీటీ దొంగదైతే ఆ చేతిరాతవన్నీ తెరవాలి. మీకూ తెలుసు కదా?"

తెలుసు. నీ తొమ్మిదివేల చీటీలూ పెట్టెల్లోంచి బయటికి తీస్తున్నారు. ఒక్కో చీటీకీ ఆ పుస్తకం తెప్పించి, ఆ పుట తెరిచి, వాక్యం ఉందో లేదో చూడాలి. ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. నిన్న యాభై రెండు చూశాను. యాభై రెండూ సరిగ్గా ఉన్నాయి. ఒక్కోటి సరిపోయినప్పుడల్లా ఏడుపొస్తోంది. నలభై ఒక్క ఏళ్ళు కామా కూడా జారనివ్వని మనిషివి, నా కోసం ఇలా చేశావు. కోపం తెచ్చుకోవాలో ఏం చేయాలో తెలియడం లేదు.

ప్రస్తుతానికి కోపంగానే ఉన్నాను.

రోజమండ్

•

థార్న్‌గిల్,
16 మార్చి 1962

నా తల్లీ,

నువ్వు చేసింది సరి. నేను ఉపన్యాసాలిచ్చిన నిజాయితీ నీ దగ్గర పనిచేస్తుందని నాకు ముందే తట్టి ఉంటే ఇంత తతంగం తప్పేది. మా బడి నుంచి నూరుగురు పిల్లలు బహుమతులతో బయటికి వెళ్ళారు. ఒక్కరి గురించీ ఇంత గర్వపడలేదు. ఇంతకంటే పొగిడితే చెడిపోతావు, ఇక్కడితో ఆపుతాను.

పెన్‌రైస్ గారికి విడిగా క్షమాపణ రాశాను. ఇక చీటీలు పంపనని కూడా. ఊదారంగు సిరాబుడ్డి ఎదురింటి పిల్లకు బొమ్మలేసుకోడానికి ఇచ్చేశాను.

ఇక్కడి సంగతి. ఎనిమిదో తేదీ, పదిహేనో తేదీ 'మెసెంజర్'లు రెండూ పంపుతున్నాను. ఏమీ కత్తిరించలేదు, చీటీ రాయలేదు. ఆ హక్కు నాకిక లేదు. జెనెట్ ఏం చెప్పిందో నువ్వు చదవాలని పంపుతున్నాను, అంతే.

సంతరోజు ఆమె ఆ ఆఫీసు బల్ల ముందు నిలబడి గుమస్తా చేత రాయించిందట. "ఒక్క అక్షరం మార్చావో, మా పొట్టేలుతో వస్తాను" అందిట. వాడు ఆ పొట్టేలును చూసినవాడు. మార్చలేదు.

'అయ్యా, పోయిన నెల మీ పేపర్లో నా పేరుతో పడ్డ ఉత్తరం నాది కాదు. ఎవరు రాశారో నాకు తెలుసు. ఆమెతో నేను మాట్లాడుకుంటాను, మీకు అనవసరం. నలభైఏడు మంచు కిటికీ అంచుదాకా కాదు, మా గుమ్మం పైపట్టెకు రెండడుగులు పైన. మా ఆయన పైగది కిటికీలోంచి దిగి గొర్రెల కోసం తవ్వుకుంటూ పోయాడు. నూట పదకొండు గొర్రెలు పోయాయి. ఒక్కోదాని మొహం నాకు మైండుంది. పొయ్యిలు ఆరలేదన్నది అబద్ధం. కిట్ రా చెప్పినట్టు ఇరవై రోజులూ కాదు, పద్దెనిమిది. ఆయన పందొమ్మిదో రోజున ఉత్తరాలు తెచ్చాడు, అది కూడా నాకు మైండుంది. జెనెట్ ఆల్డర్సన్.'

అది అచ్చయ్యాక లోయంతా లేచి కూర్చుంది. నిన్నటి సంచికలో ఏడు ఉత్తరాలు. పై లోయవాళ్ళు మాకే ఎక్కువ పడిందంటారు, కింది లోయవాళ్ళు మీదొక మంచా అంటారు. ఒకాయన తవ్వితే బతికి బయటపడ్డ గొర్రె ఏం చేసిందో అర పేజీ రాశాడు. పదిహేనేళ్ళుగా అందరి గొంతులో గడ్డకట్టి ఉన్నది ఇప్పుడు కరిగింది. నా అబద్ధం చూసి ఒళ్ళు మండి మాట్లాడటం మొదలుపెట్టారు. గుమస్తా ఇక దిద్దడం మానేశాడు. పొట్టేలు భయమో, సిగ్గో నేనడగలేదు.

జెనెట్ ఈ వారం పాలు పోస్తోంది. మాట్లాడదు. చెంబు గడప మీద పెట్టి వెళ్తుంది. నాకు అంత చాలు.

అమ్మమ్మ

•

లండన్,
30 మార్చి 1962

అమ్మమ్మా,

రెండు పత్రికలూ పెన్‌రైస్ గారి బల్ల మీద పెట్టి, అవి ఎలా పుట్టాయో మొత్తం చెప్పి, "చెల్లుతాయో లేదో మీరే చెప్పాలి" అన్నాను. దొంగ ఉత్తరానికి పుట్టిన జవాబులు కదా.

వారం రోజులు తన దగ్గరే ఉంచుకున్నారు. నిన్న అందరినీ పిలిచి చెప్పారు. మొదటి ఉత్తరం ఒక మాట కోసం రాసింది, దాన్ని తీసెయ్యాలి. తర్వాతివాళ్ళెవరూ మాట కోసం రాయలేదు. వాళ్ళు మంచు లోతు గురించి కొట్లాడుకున్నారు. "మనుషులు కొట్లాటలో మాటలు ఎంచుకోరు. అంతకంటే మంచి సాక్ష్యం ఈ భవనంలో ఏ పెట్టెలోనూ లేదు" అన్నారు. జెనెట్ తర్వాత వచ్చిన ఏడు ఉత్తరాల్లో అయిదింట్లో ఆ మాట ఉంది. కత్తి గుర్తు తీసేశారు. ఈసారి పెన్సిల్ కాదు, రబ్బరు. కాగితం చిరిగేదాకా రుద్దారు.

అచ్చులో పెట్టడానికి జెనెట్ వాక్యం ఎంచుకున్నారు. 'ఒక్కోదాని మొహం నాకు మైండుంది.' ఆయన దాన్ని అందరికీ పైకి చదివి వినిపించారు.

నీ చీటీలు ఆరువందల పది చూశాను. ఒక తప్పు దొరికింది. 1934 చీటీలో పుట 112 బదులు 121 అని రాశావు. పరుగెత్తుకెళ్ళి చూపించాను. పెన్‌రైస్ గారు దీర్ఘంగా ఊపిరి వదిలి, "ఇక చాలు, పెట్టెలు మూసెయ్యండి. నలభై ఏళ్ళుగా ఒక్క తప్పూ లేని మనిషి అంటే నాకు లోలోపల భయంగానే ఉండేది" అన్నారు. నీ క్షమాపణ ఉత్తరానికి జవాబుగా ఖాళీ చీటీల కట్ట పంపుతున్నారు. పైన ఒక షరతు రాశారు: మామూలు మాటలకు మాత్రమే.

నన్ను ఉంచుకున్నారు. "తన చీటీని తనే వెనక్కి తీసుకునే మనిషిని పెట్టెలతో ఒంటరిగా వదలొచ్చు" అన్నారట. నాతో కాదు, మా ఆఫీసు గుమస్తాతో. నేను తలుపు వెనక ఉండి విన్నాను.

ఇక కోపం లేదు.

రోజమండ్

•

థార్న్‌గిల్,
3 ఏప్రిల్ 1962

నా తల్లీ రోజమండ్,

ఖాళీ చీటీలు అందాయి. పుట 112 సంగతి నిజమే. ఆ రోజు పంటినొప్పి. మీ పెన్‌రైస్ గారు మర్యాదస్తుడని ఎవరి ముందైనా చెబుతాను.

నీ ఉత్తరం పట్టుకుని నేనే జెనెట్ ఇంటికి వెళ్ళాను. ఓట్స్ రొట్టెలు కాలుస్తోంది. కూర్చోమనలేదు, కాని కుర్చీ మీది పిల్లిని దించింది. చదివి వినిపించాను.

"పుస్తకంలో వేస్తారా? నా పేరుతో?"

"పేరుండదు. పత్రిక పేరు, తేదీ ఉంటాయి. నీ మాట మాత్రం ఉంటుంది."

"ఎవరు చూస్తారు దాన్ని?"

"ఎవరైనా. నూరేళ్ళ తర్వాత ఈ మాటకు ఇలాంటి అర్థం ఒకటుందా అని వెతికేవాళ్ళు."

రొట్టె తిరగేసింది. "ఏదీ, ఎంత వేస్తారో మళ్ళీ చదువు."

"'ఒక్కోదాని మొహం నాకు మైండుంది.'"

"అంతేనా? నూట పదకొండు గొర్రెలు పోయాయన్నది?"

"చోటుండదు జెనెట్. ఒక్కో అర్థానికి ఒకటే పంక్తి ఇస్తారు."

పొయ్యి మీది రొట్టె అంచు మాడింది. ఆమె ఇంట్లో రొట్టె మాడగా చూడటం నాకిదే మొదలు.

"అయితే గొర్రెల మాట లేకుండా వద్దని చెప్పు. ఎవరి మొహాలనుకుంటారు?"

తల్లీ, నేను ఇంటికి వచ్చి కొలబద్దతో కొలిచాను. మీరు వేసే సన్నపు అక్షరాల్లో రెండు వాక్యాలూ కలిపితే ఒకటిన్నర పంక్తి. ఒక పంక్తి ఎక్కువ కావాలి. మీ పుస్తకంలో 'మైండ్' అయిన కాస్త కిందనే 'మింగిల్-మాంగిల్' వస్తుంది. కలగాపులగం అని దాని అర్థం. దాని కింద ఉన్నది 1926లో నేను పంపిన వాక్యం. నేను పంపినవాటిలో మీ పుస్తకంలో చేరిన మొట్టమొదటిది అదే. పాత ముద్రణలో ఆ పుట అచ్చయిన రోజున మీ తాతయ్య దాన్ని అద్దాల చట్రంలో బిగించి ఇచ్చాడు. ఆ మాటను నేను జీవితంలో ఒక్కసారి కూడా నోటితో అనలేదు, ఎవరూ అనగా వినలేదు.

దాన్ని తీసేసి, గొర్రెలకు చోటివ్వు.

డొరొతియా